కరవు పని, విదేశీ సహాయం, విశ్వాసం: ఒంగోలు మిషన్ చరిత్ర చెప్పేదేమిటి?

విదేశీ చర్చిల సేవా కార్యక్రమాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మన దేశంలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగికి వైద్యం చేయడం, పిల్లలకు చదువు చెప్పడం సేవ. ఆ సేవ పొందినవారు సేవ చేసినవారి మతాన్ని స్వీకరిస్తే దానిని ఏమనాలి? నమ్మి మారారనాలా, కూటి కోసం మారారనాలా?

ఈ ప్రశ్న నేటిది కాదు. సుమారు నూట యాభై ఏళ్ల క్రితం, ఒంగోలు పరిసరాల్లో, కరవు పని జరుగుతున్న ఒక కాలువ గట్టున ఇదే ప్రశ్న ఎదురైంది. అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ దానికి తనదైన జవాబు ఒకటి ఇచ్చింది. సహాయం సాగినంత కాలం మత స్వీకారానికి తలుపు మూసి ఉంచింది. ఆ జవాబు అందరినీ ఒప్పించకపోవచ్చు. కానీ సహాయానికీ విశ్వాసానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న నేటి చర్చకు ఆ చరిత్ర మంచి భూమిక.

ఒంటరి నక్షత్రం

అమెరికాలోని బాప్టిస్టు సంఘాల తరఫున శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో విశాఖపట్నం చేరారు. 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకున్నారు. తొలి దశాబ్దాల్లో ఫలితం దాదాపు లేదు. సంఘంలో చేరినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. సముద్రాలకు అవతల చందాలిచ్చే విశ్వాసులకు ఇది నిరాశ కలిగించింది. నెల్లూరు మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన ఒకసారి కాదు, పలుమార్లు చర్చకు వచ్చింది.

1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలోనూ ఆ మాటే నడిచింది. మిషన్ కేంద్రాలను చూపే పటంలో తెలుగు దేశానికి ఉన్నది నెల్లూరు ఒక్కటే గుర్తు. దానిని 'ఒంటరి నక్షత్రం'గా సంబోధిస్తూ శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అక్కడే ఒక కవిత రాశారు. అమెరికన్లు దేశభక్తి గీతంగా పాడుకునే ప్రసిద్ధ గేయానికి రచయిత కూడా ఆయనే. ఆ కవిత సభికులను కదిలించింది. మిషన్ నిలిచింది. 'లోన్ స్టార్ మిషన్' అన్న పేరు దానికి శాశ్వతమైంది.

1854 జనవరి 1న లైమన్ జెవెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని ఒక కొండ మీద వేకువన ప్రార్థన చేశారు. ఆ పట్టణానికి ఒక మిషనరీ రావాలన్నది వారి కోరిక. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండగా వ్యవహరిస్తారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు.

ఎవరు ముందుకు వచ్చారు?

క్లౌ మతబోధకుడు కావడానికి ముందు అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో భూమి కొలిచే సర్వే పని చేశారు. ఆ అనుభవం తర్వాత ఎంతగా అక్కరకు వస్తుందో అప్పటికి ఆయనకు తెలియదు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది. అదే నెలలో క్లౌ ఒంగోలుకు పడమరన ఉన్న తాళ్లకొండపాడు గ్రామానికి వెళ్లారు. పిలిచినవారు యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ కులస్థుడు, తోలు పని చేసేవారు. అంతకు ముందు రాజయోగ మార్గంలో సాధన చేసిన వ్యక్తి. చెప్పులు కుట్టుకునే ఇంట్లో ఆధ్యాత్మిక జిజ్ఞాస ఉండదనుకోవడం పొరపాటని పేరయ్య జీవితం చెబుతుంది. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడే మిషన్‌కు తొలి పరీక్ష ఎదురైంది. ఒంగోలులోని పైకులాల వారు కొందరు క్లౌ పట్ల ఆదరం చూపారు. తమ పిల్లలకు బడి కావాలన్నారు. అయితే మాదిగలను చేర్చుకుంటే తాము రామని స్పష్టం చేశారు. పట్టణ పెద్దల ఆదరణ కావాలా, ఊరి వెలుపలి వాడల జనం కావాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. క్లౌ దంపతులు రెండోదానినే ఎంచుకున్నారు. పైకులాల పిల్లలు బడి మానేశారు.

చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు చూడటానికి చిన్నవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. అయితే నాటి గ్రామ వ్యవస్థలో ఇవి చిన్నవి కావు. కోతల కాలంలో ఆదివారం పనికి రానన్నా, జాతరలో డప్పు కొట్టనన్నా ఊరి కట్టుబాటును ధిక్కరించినట్టే. అందుకు ప్రతీకారంగా కొన్నిచోట్ల కూలి పని నిలిపివేశారు. బావి నీటికి అడ్డుపడ్డారు. కొత్త విశ్వాసం కొందరికి ఆత్మగౌరవాన్ని ఇచ్చింది. దానికి చెల్లించిన మూల్యమూ వారిదే.

ధాత కరవు

1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ఆ కరవుకు ధాత కరవు అని పేరు. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలను అది 1878 వరకు పీడించింది. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా ప్రజలు ఆకలితో, ఆకలి వెంట వచ్చిన రోగాలతో మరణించారని అంచనా.

ప్రభుత్వం కరవు పనులు చేపట్టింది. అయితే ఖర్చు తగ్గించే బాధ్యతతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో కూలిని కుదించారు. వయోజనుడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే మన లెక్కలో అరకిలోకు తక్కువ, దానికి తోడు కొద్దిపాటి చిల్లర. రోజంతా మట్టి తవ్వే మనిషికి ఇది చాలదని మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్య కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించారు. కొన్ని నెలల తర్వాత ప్రభుత్వం రేటును సవరించింది. ఈలోగా ఎందరో పనిచోటే కుప్పకూలారు.

అప్పుడు జరుగుతున్న పెద్ద పనుల్లో బకింగ్‌హామ్ కాలువ ఒకటి. తీరం వెంబడి పడవలు నడవడానికి ఉద్దేశించిన ఈ కాలువ నేటి ప్రకాశం, బాపట్ల తీరం నుంచి మద్రాసు మీదుగా దక్షిణానికి సాగుతుంది. అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి స్థిరపడింది.

క్లౌ ఇందులో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకున్నారు. తన ఆత్మకథలో ఆయన చెప్పిన కారణం గమనించదగినది. ఇతర శిబిరాలకు వెళ్లిన తన మనుషులను అక్కడి మేస్త్రీలు దుర్భాషలాడుతున్నారని, బలహీనులను తరిమేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి. గుత్త తన చేతిలో ఉంటే పనిచోట మర్యాదా, చేతికి కూలీ నిలబెట్టవచ్చునని ఆయన భావించారు. పాత సర్వే విద్య ఇక్కడ పనికివచ్చింది. కొలతలు తానే చూసుకున్నారు. తెలుగు బోధకులను పర్యవేక్షకులుగా నియమించారు. గుడిసెలు వెలిశాయి. వేల మంది తట్టా పారా పట్టారు. వారిలో క్రైస్తవులూ ఉన్నారు, కానివారూ ఉన్నారు. మాదిగలూ ఉన్నారు, ఇతర కులాలవారూ ఉన్నారు.

ఇది దానం కాదు, పనికి కూలి. ఈ తేడా ముఖ్యమైనది. చేయి చాచి తీసుకున్న గింజకూ, చెమటోడ్చి సంపాదించిన గింజకూ మనిషి మనసులో విలువ వేరు.

మూసిన తలుపు

కాలువ గట్టున పగలు పని, సాయంత్రం బోధ జరిగేవి. పర్యవేక్షకులే బోధకులు కనుక మాటా పనీ ఒకే నోట వచ్చేవి. బాప్తిస్మం కోరేవారి సంఖ్య పెరిగింది. అప్పుడు క్లౌ తీసుకున్న నిర్ణయమే ఈ చరిత్రకు కీలకం. కరవు సహాయం సాగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదని ఆయన నిశ్చయించారు. ఆకలి వల్ల వచ్చేవారినీ, నమ్మకం వల్ల వచ్చేవారినీ అప్పుడు వేరుచేయడం అసాధ్యమన్నది ఆయన తర్కం. సుమారు పదిహేను నెలల పాటు ఆ తలుపు మూసి ఉంచారు.

1878 మధ్యలో సహాయ నిధుల పంపిణీ ముగిసింది. క్లౌ బోధకులను, పాత సభ్యులను మాత్రమే ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నారు. కొత్తవారిని తీసుకురావద్దని కబురు పెట్టారు. అయినా వేల మంది వచ్చారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా వారు కదలలేదని, తమకు సహాయం అక్కరలేదు, బాప్తిస్మమే కావాలన్నారని మిషన్ కథనం.

1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల మొత్తం 3,536. జులై 3న గుండ్లకమ్మలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని చేశారు. క్లౌ గట్టున ఉండి కార్యక్రమం నడిపించారు. తర్వాతి సంవత్సరాల్లో ఒంగోలు సంఘం సభ్యత్వం 20 వేలు దాటింది. ప్రపంచంలోని అతి పెద్ద బాప్టిస్టు సంఘాల్లో ఒకటిగా అది పేరొందింది.

మరో వైపు వాదన

ఈ వృత్తాంతాన్ని విమర్శకుల దృష్టితోనూ చూడాలి. తలుపు మూసిన మాట నిజమే అయినా, కరవులో కూలి ఇచ్చిన చేయి ఎవరిదో జనం మరచిపోరు. కృతజ్ఞత కూడా ఒక రకమైన ఒత్తిడే. సహాయం ఆగిన వెంటనే జరిగిన సామూహిక బాప్తిస్మాలను పూర్తిగా సహాయంతో సంబంధం లేనివిగా భావించలేమని ఈ వాదన. మళ్లీ కరవు వస్తే మిషన్ ఆదుకుంటుందన్న ఆశ కొందరి మనసులో ఉండి ఉండవచ్చు. కూటి కోసం కోటి విద్యలన్న సామెత మనదే కదా.

దీనికి బదులుగా చెప్పేవారూ ఉన్నారు. ఆదివారం పని మానినందుకు కూలి పోగొట్టుకున్నవారు, ఊరి కోపానికి గురైనవారు లాభం కోసమే మారారనడం ఎలా సబబు అవుతుందని వారి ప్రశ్న. తరతరాలుగా వాడకు పరిమితమైన జనం, తమ ఇంటి గడప తొక్కి, తమ బిడ్డకు అక్షరం నేర్పే మతాన్ని ఎంచుకోవడంలో కేవలం ఆకలినే చూడటం వారి వివేకాన్ని తక్కువ చేయడమేనని అంటారు. మాదిగల జీవితం, నమ్మకాల మీద క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ప్రచురించిన పుస్తకం ఈ దృష్టికి ఆధారాలు అందిస్తుంది. మనిషి ఒక నిర్ణయం తీసుకున్నప్పుడు ఆకలి, గౌరవం, విశ్వాసం అన్నీ కలిసే ఉంటాయి. వాటిని విడదీసి తూకం వేసే త్రాసు ఎవరి దగ్గరా లేదు. క్లౌ చేసినదల్లా ఆ మూడింటిలో ఒకటైన ఆకలిని వీలైనంత వరకు పక్కన పెట్టే ప్రయత్నం.

అందుకున్నవారే అందించారు

విదేశీ సహాయానికి మరో కొలమానం ఉంది. సహాయం పొందినవారు ఎప్పటికీ పొందేవారిగానే మిగిలిపోయారా, లేక తమ కాళ్ల మీద నిలబడ్డారా?

తెలుగునాట ఇతర మిషన్లు కూడా చదువుకూ వైద్యానికీ సంస్థలు నెలకొల్పాయి. 1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ తర్వాతి కాలంలో అక్కడ పాఠశాలలు, 1885లో కళాశాల వచ్చాయి. 1883లో వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ కృషితో గుంటూరులో స్త్రీల కోసం ఆసుపత్రి వెలిసింది. ఒంగోలు, నెల్లూరు, హనుమకొండల్లో బాప్టిస్టుల ఆసుపత్రులు ఏర్పడ్డాయి. రామాయపట్నంలో బోధకులకు శిక్షణ ఇచ్చే వేదాంత పాఠశాల 1870ల నుంచే నడిచింది. ఈ సంస్థలకు మొదట డబ్బు సముద్రం అవతలి నుంచి వచ్చింది. వాటిని నడిపే మనుషులు క్రమంగా ఇక్కడివారే అయ్యారు.

1903లో జరిగిన ఒక సంగతి ఇంకా విశేషమైనది. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ దర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను మోసుకొచ్చిన తొలి ఓడ అది. 1911లో ఈ వలస ఆగేనాటికి భారతదేశం నుంచి లక్షన్నర మందికి పైగా దక్షిణ ఆఫ్రికాలోని నేటాల్ చేరారు. కరవు, అప్పు, భూమి లేమి వారిని ఓడ ఎక్కించాయి. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. బాప్టిస్టు కుటుంబాలూ ఉన్నాయి. తెలుగులో ఆరాధన నడిపే మనిషి వారికి కావలసి వచ్చింది.

స్వదేశంలోని తెలుగు బాప్టిస్టులు తమ హోమ్ మిషనరీ సంఘం తరఫున జాన్ రంగయ్యను నేటాల్‌కు పంపారు. 1903 డిసెంబర్ 27న కేర్స్‌నీ తేయాకు తోటలో ఆయన తొలి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించారు. 1915లో మరణించేవరకు తోటల మధ్య తిరుగుతూ సేవ చేశారు. యాభై ఏళ్ల క్రితం మూసివేద్దామా అని అమెరికాలో చర్చించిన మిషన్, ఇప్పుడు తానే ఒక ఓడలో మనిషిని ఎక్కించి పంపింది. ఈసారి చందాలిచ్చినవారు బోస్టన్ విశ్వాసులు కాదు. తెలుగు పల్లెల్లోని సంఘాలు.

దక్షిణ ఆఫ్రికాలో తెలుగు మాట్లాడే తరం తగ్గిపోయినా ఆ సంఘాల వారసత్వం నిలిచే ఉంది. స్వదేశంలో 1962లో 'తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశం' ఏర్పడి, పాలన బాధ్యత భారతీయుల చేతికి వచ్చింది.

నేటి చట్టం ఏం చెబుతోంది?

క్లౌ నాడు స్వచ్ఛందంగా గీసుకున్న గీతను నేడు చట్టం గీస్తోంది. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి ప్రతి వ్యక్తికీ స్వేచ్ఛ ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం దానికి పరిమితులు. ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది.

విదేశీ నిధుల విషయానికి వస్తే, తొలి నియంత్రణ చట్టం 1976లో వచ్చింది. దాని స్థానంలో 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అమలులో ఉంది. సాంస్కృతిక, ఆర్థిక, విద్యా, సామాజిక కార్యక్రమాలతో పాటు మతపరమైన కార్యక్రమాలకూ విదేశీ విరాళం స్వీకరించడాన్ని ఈ చట్టం అనుమతిస్తుంది. అందుకు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వద్ద నమోదు కావాలి. లేదా ముందస్తు అనుమతి పొందాలి. ప్రలోభం ద్వారా గానీ, బలవంతంగా గానీ మతం మార్చినందుకు విచారణను ఎదుర్కొన్నవారికి, శిక్ష పడినవారికి ఆ నమోదు దక్కదు.

2020 సవరణ నిబంధనలను కఠినం చేసింది. విదేశీ విరాళం మొదట న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ పొందిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందుతూ వచ్చిన చిన్న సంస్థలకు ఇది ఇబ్బంది కలిగించిందని స్వచ్ఛంద సంస్థలు వాదించాయి. విదేశీ విరాళం పొందడం నిరపేక్షమైన హక్కు కాదని పేర్కొంటూ సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో సవరణలను ప్రధానంగా సమర్థించింది.

చట్టం లెక్కలు అడగగలదు. ఖాతా ఎక్కడ ఉండాలో చెప్పగలదు. ప్రలోభాన్ని శిక్షించగలదు. కానీ ఇచ్చే చేయి ఏ ఉద్దేశంతో ఇచ్చింది, పుచ్చుకున్న మనసు ఏమనుకుంది అన్నవి ఏ పత్రంలోనూ నమోదు కావు. అక్కడ ఇచ్చేవారి నిగ్రహమే కాపలా.

బకింగ్‌హామ్ కాలువలో ఇప్పుడు సరుకు పడవలు తిరగడం లేదు. చాలాచోట్ల అది పూడిపోయింది. దానిని తవ్విన చేతుల పేర్లు ఏ రాతి మీదా లేవు. అయినా వారు వదిలి వెళ్లిన ప్రశ్న పూడిపోలేదు. సహాయం చేసే ప్రతి సంస్థా, అది ఏ మతానిదైనా, ఏ దేశానిదైనా, ఒకసారి తనను తాను అడగవలసిన ప్రశ్న అది: ఎదుటివారు కాదన్నా ఈ సహాయం ఆగకుండా ఉంటుందా?